వీడియోడ్రోమ్ గొప్పదా, ద ఫ్లై గొప్పదా?

ఎనభైల బాడీ హారర్ అంటే చాలామంది "ఛీ, రక్తం, చీము తప్ప ఏముంది అందులో?" అంటారు. ఏముందో డేవిడ్ క్రోనెన్‌బర్గ్ సినిమాలు రెండు పక్కపక్కన పెట్టి చూద్దాం.

1983లో వచ్చిన వీడియోడ్రోమ్‌లో మ్యాక్స్ టొరంటోలో ఓ చిన్న టీవీ ఛానెల్ నడుపుతుంటాడు. చిత్రహింసలు చూపించే ఒక ప్రోగ్రామ్ సిగ్నల్ వల్ల అతనికి భ్రమలు మొదలవుతాయి. పొట్ట మీద చీలిక తెరుచుకుంటుంది, అందులోకి వీడియో క్యాసెట్ దూరుస్తారు! అంటే మనిషే ప్లేయర్ అయిపోయాడు. ఎవరు ఏ క్యాసెట్ పెడితే అది ఆడాల్సిందే. ఐడియా అదుర్స్. కానీ ఏది నిజమో, ఏది భ్రమో తేలదు కాబట్టి మ్యాక్స్ మీద పెద్దగా జాలి కలగదు.

1986 నాటి ద ఫ్లైలో సేత్ టెలిపోర్ట్ అయ్యేటప్పుడు పాడ్‌లోకి ఒక ఈగ కూడా దూరుతుంది. కంప్యూటర్ రెండింటినీ కలిపి ఒకే ప్రాణిగా చేసేస్తుంది. మెల్లమెల్లగా గోళ్లు ఊడతాయి, చెవి రాలిపోతుంది. ప్రేమించిన వెరోనికా కళ్లముందే ఇదంతా. మేకప్‌కి ఆస్కార్ వచ్చింది. కానీ గుండె పిండేసేది మేకప్ కాదు, జబ్బుపడ్డ మనిషిని చూస్తూ ఏమీ చేయలేకపోవడం. ఛీ కొట్టి వదిలేసినవాళ్లు మిస్సవుతున్నది ఇదే.

అందుకే నా ఓటు ఫ్లైకి. అయితే అర్ధరాత్రి దాటాక కూడా రీల్స్ ఆపలేక ఫోన్ పట్టుకుని కూర్చున్నప్పుడు గుర్తొచ్చేది మాత్రం మ్యాక్సే!