తెరకి పసుపు రాస్తే చదువొస్తుందా?

అమ్మణ్ణీ, ఆ ట్యాబ్ ఇట్టా తే. తెల్ల తెర చూస్తే కళ్లు మంటంటివి. వెనకాల లేత పసుపు రంగు పెట్టుకుంటే చదవడం సుళువని ఎవరో చెప్పారంటివి. ఆ మాటలో కొంత నిజముంది. అది యాడుందో చూద్దాం.

2022 డిసెంబర్ 21న మన ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రభుత్వం ట్యాబ్‌లు పంచడం మొదలుపెట్టాక, మర్రిపాడు లాంటి పల్లెల్లో కూడా పాఠం కాగితం దిగి అద్దం ఎక్కింది. కాగితానికి సొంత వెలుగు లేదు. వసారాలో ఎంత వెలుతురుంటే దాన్నే మన కంటికి తిప్పి పంపుతుంది. తెర అట్టా కాదు, అదే ఒక దీపం.

వేలు తడిపి ఒక్క నీటిచుక్క తెర మీద పెట్టు. భయపడబాక, చిన్న చుక్కే. అది భూతద్దమై, తెల్లగా కనిపించే చోట ఎరుపు, ఆకుపచ్చ, నీలం నలుసులు చూపిస్తుంది. మూడూ నిండుగా వెలిగితే తెలుపు. నీలం కాస్త తగ్గితే మీగడ రంగు, పూర్తిగా ఆరితే పసుపు. తమాషా ఏమంటే, తెర తెలుపులో మన కంటికి ఆనే వెలుతురంతా నూరనుకుంటే, అందులో ఆకుపచ్చ వాటా 72, ఎరుపుది 21, నీలానిది 7 మాత్రమే. కాబట్టి నీలం మొత్తం ఆర్పేసినా నల్ల అక్షరానికి వచ్చిన నష్టం తక్కువే. తెలుపు మీద నలుపుకు తేడా 21 రెట్లయితే, పసుపు మీద 19 రెట్లకు పైనే ఉంటుంది. అదే నిండు నీలం మీద నల్లగా రాస్తే రెండున్నర రెట్లు కూడా ఉండదు. మామూలు అక్షరాలకు కనీసం నాలుగున్నర ఉండాలని వెబ్ పేజీలు తయారుచేసేవాళ్ల లెక్క. బడి బస్సు మీద చూశావు గదా, పసుపు మీద నలుపు ఎంత దూరానికైనా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కాబట్టి మీగడో లేత పసుపో పెట్టుకో. ముచ్చటపడి ముదురు నీలం జోలికి పోబాక.

కళ్ల మంట సంగతి వేరు. తెర చూస్తూ రెప్ప వేయడం తగ్గిస్తాం, కన్ను తడారిపోతుంది. దానికి రంగు మందు కాదు. నీలి వెలుగును ఆపే కళ్లద్దాల మీద జరిగిన 17 పరీక్షలను కోక్రేన్ సంస్థ 2023లో కలిపి చూస్తే, మామూలు అద్దాలకన్నా అవి కంటి అలసటను తగ్గిస్తున్నట్టు తేలలేదు. రంగు మార్చే ముందు బ్రైట్‌నెస్ తగ్గించు, గదిలో లైటెయ్యి, ట్యాబ్‌ను మూరెడు దూరంలో పెట్టు.

ఈ రంగుల కథ పాతదే. 1980లో న్యూజిలాండ్‌లో ఆలివ్ మీర్స్, 1983లో అమెరికాలో హెలెన్ ఇర్లెన్, కొందరికి పేజీ మీద రంగు పొర వేస్తే అక్షరాలు కదలకుండా నిలుస్తున్నాయని చెప్పారు. అక్కడి నుంచి రంగు అద్దాల వ్యాపారం లేచింది. 2009లో అమెరికా పిల్లల డాక్టర్లు, కంటి డాక్టర్లు కలిసి, చదువు రాకపోవడానికి ఆ రంగు అద్దాలు వైద్యమనడానికి తగిన ఆధారం లేదన్నారు. డిస్లెక్సియా ప్రధానంగా కంటి జబ్బు కాదమ్మా. అక్షరాన్నీ శబ్దాన్నీ జతచేయడంలో మెదడు పడే కష్టం. దానికి కావాల్సింది ఓపికగా నేర్పే మనిషి. 2016 నాటి మన దేశ వికలాంగుల హక్కుల చట్టంలో దాన్నీ చేర్చారు.

నన్నడిగితే, తెలుగు చదివే పిల్లలకు రంగుకన్నా సైజు ముఖ్యం. ‘ధ’ కడుపులో చుక్క పెడితే ‘థ’. ఆ చుక్క, కింద వేలాడే వత్తు చిన్న అక్షరాల్లో నలిగిపోతాయి. రెండు వేళ్లతో పేజీని సాగదీయి. అప్పటికీ మసకేనంటే కంటి డాక్టరుకు చూపించాలి. 2019 అక్టోబర్ 10న మన రాష్ట్రంలో మొదలైన ‘కంటి వెలుగు’ కంటి పరీక్షల పథకంలో ముందు బడిపిల్లల కళ్లు చూసింది అందుకే.

నీకు ఏ రంగు నప్పుతుందో నువ్వే తేల్చుకోవచ్చు. తెలుపు మీద ఒక పేజీ, మీగడ రంగు మీద ఇంకో పేజీ పైకి చదువు, నేను ఫోన్లో టైము చూస్తా. ఒకే పేజీ రెండుసార్లు వద్దు, రెండోసారి ఎట్టాగూ గబగబా వస్తుంది. రెండూ ఒకే వెలుతురులో చదవాలి. డీసీపల్లి వేలానికి పొగాకు గ్రేడు చేసేవాళ్లకు తెలుసు, పగటి వెలుగులో ఉన్న ఆకు రంగు బల్బు కింద ఉండదు. రేపు రంగులు తిరగేసి, ముందు మీగడ మీద చదివిస్తా. అప్పుడూ మీగడే గెలిస్తే దాన్నే ఉంచుకో.