లినక్సు మార్చనా, మాననా?

అద్దె యిల్లు మారాలనుకునేవాడికి సలహా చెప్పని మనిషి వుంటాడా? లినక్సు మారుద్దామా అని పైకి అన్నవాడి గతీ అంతే. నెలరోజులుగా నాకు సలహాలే సలహాలు!

సంగతి తెలియని పాఠకులకు ముందొక ముక్క చెప్పాలి. లినక్సు అంటే కంప్యూటరు లోపల వుండి పని నడిపించే మూల యంత్రాంగం. ఫిన్లండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి 1991లో దానిని రాసి లోకం ముందు పెట్టాడు. ఆ మూలానికి తెరలూ, రాతకోతల సరంజామా, మరమ్మతుల యేర్పాటూ జతచేసి, తలో పేరుతో తలో బృందం యిచ్చేవే డిస్ట్రోలు. 1993లో డెబియన్ వచ్చింది. దానిని మొదలుపెట్టిన యియాన్ మర్డాక్, తన ప్రియురాలు డెబ్రా పేరు మొదలుకు తన పేరు తగిలించి ఆ నామకరణం చేశాడు. డెబియన్ మీద కట్టినది ఉబుంటు, 2004లో. ఉబుంటు మీద కట్టినది మింట్, 2006లో. అమ్మమ్మ, అమ్మ, కూతురు అన్నమాట. ముగ్గురి వంటా యించుమించు వొకటే. వడ్డించే వేళలూ, వంటింటి పెత్తనమూ వేరు.

నాకు మాత్రం యిది సరదా వ్యవహారం కాదండీ. తెలుగు పుస్తకాలకు ప్రూఫులు దిద్దడం నా జీవనాధారం. పన్నెండేళ్ల పనీ నాలుగు జీబీల మెమరీ వున్న పాత లాప్‌టాపులో వుంది. దానిలో నడుస్తున్నది ఉబుంటు 20.04. దాని మామూలు గడువు 2025 మే నెలతో తీరిపోయింది. ఉబుంటు ప్రోలో చేరితే సొంత వాడకానికి అయిదు యంత్రాల దాకా ఉచితంగానే మరో అయిదేళ్లు భద్రతా మరమ్మతులు అందుతాయి.

"ఏమండీ, వున్నది పనిచేస్తూనే వుందిగా!" అంటుంది మా ఆవిడ. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కాని మరమ్మతులు అందినంత మాత్రాన సామాను కొత్తదైపోదు. నా దగ్గరున్నది లిబ్రాఫీసు 6.4; ప్రచురణకర్తలు పంపే ఫైళ్లు అంతకంటే ఎంతో కొత్తవాటిలో తయారైనవి. పుట విరగవలసిన చోట విరగక, వొక పంక్తి అవతలి పేజీలోకి దూకిందంటే ఫారం మొత్తం మళ్లీ చూడాలి.

హైదరాబాదులో వుండే మా మేనల్లుడు, "ఆర్చి వేసుకో మామయ్యా, అన్నీ యెప్పటికప్పుడు కొత్తవే!" అన్నాడు. నిజమే. ఆర్చికి రెండేళ్లకో సంచిక అంటూ లేదు. కాలవలా పారుతూనే వుంటుంది. ఆ పారే నీటిని రోజూ కనిపెట్టి వుండాలి. అప్‌డేటు చేసేముందు వాళ్ల ప్రకటనలు చదువుకోవాలి. వాడికది వినోదం. శుక్రవారానికి ఫారాలు పంపవలసిన నాబోటివాడికి అది రెండో ఉద్యోగం.

నా మనసు అమ్మమ్మవైపే మొగ్గింది. డెబియన్ కొత్త సంచిక సుమారు రెండేళ్లకొకటి వస్తుంది. మధ్యలో మరమ్మతులే తప్ప సామాను మార్చదు. మూడేళ్లు పూర్తి ఆలనాపాలనా, ఆపైన మరో రెండేళ్ల పొడిగింపు. 2025 ఆగస్టులో వచ్చిన 13వ సంచికలో లిబ్రాఫీసు 25.2 వుంది. వైఫై చిప్పులకు కావలసిన ఫర్మ్‌వేరు విడిగా వెతుక్కోవలసిన బాధ 2023 నాటి 12వ సంచికతోనే చాలావరకు తీరింది.

అయితే పెళ్లిచూపులు లేకుండా ముహూర్తం పెట్టలేం కదా! డెబియన్‌ను పెన్‌డ్రైవులో యెక్కించి, లాప్‌టాపు డిస్కును ముట్టకుండా దానినుంచే నడిపి చూశాను. నెమ్మదిగానే నడుస్తుంది, దాన్నిబట్టి వేగాన్ని తూచకూడదు. తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ తెర తీసుకున్నాను. ఇన్‌స్క్రిప్టు కీబోర్డుమీద 'స్త్రీ', 'లక్ష్మి', 'జ్ఞానం' కొట్టాను; వొత్తులు బుద్ధిగా కూర్చున్నాయి. నా ఫాంట్లు వేసి, అచ్చయిపోయిన వొక పుస్తకం ఫైలు తెరిచి, అచ్చుప్రతి పక్కన పెట్టుకుని పుట పుటా సరిచూశాను. రెండుచోట్ల పంక్తులు జరిగాయి. ఆ రెండూ ఫలానా ఫాంటు లేక జరిగినవే. ప్రింటరు రెండోసారికిగాని పలకలేదు.

ఫైళ్లన్నీ రెండు వేరువేరు డిస్కుల్లోకి నకలు తీశాను. తీసిన నకళ్లు తెరుచుకుంటున్నాయో లేదో కూడా చూశాను. చేతిలో వున్న నవల ఆఖరి ఫారం అచ్చుకు వెళ్లేదాకా మాత్రం దేన్నీ కదపను. ఆ మరునాడే డెబియన్. మా మేనల్లుడికి యింకా చెప్పలేదు.