ఇసుక దిబ్బలూ, కొండ మడుగులూ ఒకే రోజు: ఒమన్ ప్రయాణంపై అపోహలు – వాస్తవాలు

మస్కట్‌లో ఉండే తెలుగువాళ్ల ఇళ్లకు చలికాలంలో చుట్టాలొస్తే మొదట అడిగేది ఎడారి. ఆ వెంటనే అడిగేది ‘ఫోన్లో చూశాం, ఆ పచ్చటి నీళ్లు’. అది వాదీ బనీ ఖాలిద్. ఎడారేమో వహీబా ఇసుక, సర్కారు లెక్కల్లో షర్కియా ఇసుక. ఒక బండి మాట్లాడుకుని తెల్లవారుజామున బయల్దేరితే రెండూ చూసుకుని రాత్రికి ఇల్లు చేరొచ్చు. రానూపోనూ ఐదు వందల కిలోమీటర్ల దాకా ప్రయాణం. మా వాళ్లను ఆ దారిలో చాలాసార్లు తిప్పాను. ప్రతిసారీ బండిలో అవే మాటలు వినిపిస్తాయి. కొన్ని ఊరికే తెలియక అనేవి. కొన్ని మాత్రం ప్రాణం మీదికి తెచ్చేవి. ఆ రెండో రకం కోసమే ఇది రాస్తున్నాను.

అపోహ: ఎడారిలో అన్ని నీళ్లెక్కడివి? టూరిస్టుల కోసం కట్టిన కొలనులై ఉంటాయి.

వాస్తవం: ఒడ్డున నడిచే దారి, చిన్న వంతెన, తిండి దొరికే చోటు కట్టారు. నీళ్లు మాత్రం కొండవి. అసలు ఆ మడుగులు ఉన్నది ఎడారిలో కాదు, దానికి ఉత్తరాన ఉన్న తూర్పు హజర్ కొండల్లో. అవి చాలావరకు సున్నపురాతి కొండలు. ఏడాదిలో పడేది నాలుగు వానలే అయినా, ఆ నీరు రాతి పగుళ్లలోంచి లోపలికి దిగి, ఏళ్ల తరబడి నిలవుండి, కింద లోయలో ఊటగా బయటపడుతుంది. అందుకే మస్కట్ మండిపోయే జూన్లోనూ బనీ ఖాలిద్ మడుగులు ఎండవు. ‘వాదీ’ అన్నా మన ‘వాగు’ అన్నా ఇంచుమించు ఒకటే. చాలా వాదీలు మన వాగుల్లాగే ఏడాదిలో ఎక్కువ రోజులు రాళ్లు తేలి ఉంటాయి. ఇది నీరు వదలని వాదీ, అదే దీని ప్రత్యేకత.

అక్కడికి వెళ్లినవాళ్లు ఈత కొట్టి వచ్చేస్తారు గానీ, మడుగు పక్కనుంచి పారే సన్నటి కాలువను చూడరు. మూరెడు వెడల్పు కూడా ఉండదు. దాన్ని ఫలజ్ అంటారు. ఊట నీటిని మోటారు లేకుండా, వాలు మీదే ఖర్జూరపు తోటలకు నడిపించే ఏర్పాటు అది. నీళ్లు వంతుల వారీగా ఎవరి తోటకు ఎంతసేపన్నది ఊరంతా కలిసి పాటిస్తారు. ఇలాంటి ఒమన్ ఫలజ్‌లు ఐదింటిని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన చెరువు కింద నీరటికాడు తూము తీసి వంతు ప్రకారం నీళ్లు పెట్టిన రోజులు ఎరిగినవాళ్లకు ఆ కాలువ దగ్గర ఓ పది నిమిషాలు కూర్చోవాలనిపిస్తుంది. కూర్చోండి. కాకపోతే అందులో సబ్బు నురగ కలపకండి, కాళ్లు కడగకండి. కింద తోటకు పోయే నీళ్లవి.

అపోహ: నెత్తిమీద ఎండ కాస్తోంది, వాన లేదు. వాగులో దిగితే ఏమవుతుంది?

వాస్తవం: ఈ ఒక్క మాటా గుర్తుంటే మిగతావన్నీ మరిచిపోయినా పర్వాలేదు. మీరున్న చోట ఆకాశం తేటగా ఉండొచ్చు. వాన పడాల్సింది మీ మీద కాదు, ఎగువన కొండ మీద. హజర్ కొండల మీద మట్టి తక్కువ, చెట్లు తక్కువ, పీల్చుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. గట్టి వాన పడితే కొంతే పగుళ్లలోకి దిగుతుంది, తక్కినదంతా రాతి మీద జారి పిల్ల వాగుల్లోకి, అక్కడినుంచి ఈ ఇరుకు లోయలోకి దూకుతుంది. మోకాలి లోతు నీళ్లు నిమిషాల్లో మనిషిని మించి లేస్తాయి. ఎగువ వానకు దిగువ వాగు పొంగడం మన పల్లెల్లో తెలియనిది కాదు. కానీ సెలవు మీద, వేరే దేశంలో, ఫొటోలు తీసుకుంటున్నప్పుడు ఆ తెలివి గుర్తుకు రాదు.

నీటి రంగు చూస్తూ ఉండండి. అద్దంలా ఉన్న నీళ్లు మట్టి రంగుకు తిరిగినా, పుల్లలూ ఆకులూ తేలి వస్తున్నా, ఎక్కడో దూరాన లారీ వస్తున్నట్టు మోత వినిపించినా బట్టలూ చెప్పులూ వెతుక్కోకూడదు. కిందికి పరుగెత్తినా లాభం లేదు, వరద మనకంటే జోరుగా వస్తుంది. పక్కగట్టు ఎక్కాలి, ఎంత పైకి ఎక్కగలిగితే అంత. వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్న రోజున అసలు బయల్దేరకండి. బండికి కట్టిన డబ్బు పోతే పోనీయండి.

బండిలో ఉన్నా అంతే. రోడ్డుకు అడ్డంగా వాగు పారుతుంటే, ‘పెద్ద బండే కదా, దాటేద్దాం’ అనేవాళ్లు ఉంటారు. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును తేల్చేస్తుంది. రెండడుగులైతే పెద్ద బళ్లు కూడా కొట్టుకుపోతాయి. ఒమన్‌లో పారుతున్న వాదీని బండితో దాటడం నేరం. 2024 ఏప్రిల్లో ఇదే షర్కియా ప్రాంతంలోని సమద్ అల్ షాన్ దగ్గర బడిపిల్లలున్న బండి వరదలో చిక్కి, పిల్లలు చనిపోయారు. ఆ వారం మస్కట్‌లో ఏ తెలుగు ఇంట్లో చూసినా అదే మాట. మా పిల్లల బడి బస్సు కూడా ఒక వాదీ దాటే వెళ్తుంది. ఒమన్‌లో అత్యవసరానికి ఫోన్ చేయాల్సిన నంబరు 9999. బయల్దేరే ముందే అందరి ఫోన్లలో వేయించండి.

వరద లేనప్పుడు కూడా ఆ మడుగులు స్విమ్మింగ్ పూల్ లాంటివి కావు. ఇక్కడ నాలుగడుగులు, పక్కన ఎనిమిదడుగులు అని రాసి ఉండదు. నాచు పట్టిన రాయి మీద కాలు జారితే ఒక్క అంగలో లోతులో పడతారు. ఈత రానివాళ్లు లైఫ్ జాకెట్ లేకుండా దిగొద్దు. పైనుంచి దూకే కుర్రాళ్లను చూసి మనమూ దూకొద్దు. వాళ్లకు ఏ రాయి ఎక్కడుందో తెలుసు, మనకు తెలియదు. ఎగువన ముఖల్ గుహ దాకా పోవాలంటే బండరాళ్ల మీద నడక. మామూలు చెప్పులు పనికిరావు, పట్టున్న బూట్లు కావాలి. చేతిలో టార్చి ఉండాలి.

అపోహ: ఆ నీళ్లలోని చేపలు కరుస్తాయి.

వాస్తవం: కరవవు. వాటి దవడలకు పళ్లే ఉండవు. కాళ్లు పెట్టి కదలకుండా కూర్చుంటే వేలెడంత చేపలు గుంపుగా వచ్చి మడమల చుట్టూ చేరతాయి. గర్రా అనే రకం. రాళ్ల మీది నాచును నోటితో గీరి తినే అలవాటుతో మన పాదాల మీది మృతచర్మాన్నీ గీరుతాయి. మొదటి నిమిషం చక్కిలిగింత, తర్వాత అలవాటైపోతుంది. వీటి దగ్గరి చుట్టాలు మన కృష్ణా, గోదావరుల్లోనూ ఉన్నాయి. బిస్కెట్లూ చిప్సూ వేసి వాటి తిండి అలవాటు చెడగొట్టకండి.

అపోహ: ప్రైవేట్ ట్రిప్ అంటే అక్కడ మనిష్టం.

వాస్తవం: ప్రైవేట్ అన్నది బండికీ డ్రైవరుకే. మడుగు అందరిదీ. ముఖ్యంగా ఆ ఊరివాళ్లది. పిల్లలతో, ముసలివాళ్లతో కుటుంబాలు వస్తాయి. భుజాల నుంచి మోకాళ్ల దాకా కప్పే బట్టలతో దిగమని అక్కడ బోర్డులు కూడా ఉన్నాయి. మగవాళ్లకూ ఆ మాట వర్తిస్తుంది. చొక్కా విప్పేసి తిరిగేది ఎక్కువ మనవాళ్లే, చూసి చాలాసార్లు బాధపడ్డాను. టీషర్టు, మోకాళ్లు దాటే నిక్కరు చాలు. మందు సీసా బయటికి తీయకూడదు. డ్రోన్ ఎగరేయాలంటే ముందే అనుమతి ఉండాలి. శుక్ర, శనివారాలు ఇక్కడి సెలవులు. ఆ రోజుల్లో కారు ఆపడానికే చోటుండదు, కాబట్టి వారం మధ్యలో వెళ్లడం మేలు.

బండి మాట్లాడేటప్పుడే అడగండి: ధర బండి మొత్తానికా, మనిషికా? భోజనం అందులోనేనా? ఇసుక మీద నడిపేది ఎవరు? మొదటిసారి నేను అడగలేదు. హైవే మీద నడిపిన అతనికే ఇసుక కొత్త అని దిబ్బ ఎక్కాక తెలిసింది.

అపోహ: ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే ఎవరైనా ఇసుకలో తోలొచ్చు.

వాస్తవం: దిగబడతారు. మడుగుల దాకా తారు రోడ్డే, చిన్న కారు కూడా పోతుంది. బిదియా ఊరు దాటి ఇసుకలోకి దిగితే కథ వేరు. అక్కడ మొదటి పని టైర్లలో గాలి తీయడం. ముప్పై అయిదు పీఎస్ఐ ఉన్నదాన్ని పదిహేను, పద్దెనిమిదికి దించుతారు. డ్రైవరు మోకాలి మీద కూర్చుని, వాల్వులో పుల్ల గుచ్చి, ‘స్...’ మని గాలి పోతుంటే టైరు వంక కాదు, నేల వంక చూస్తాడు. టైరు పొట్ట ఇసుక మీద ఎంత వెడల్పుగా పరుచుకుందో అదే అతని లెక్క. చివరికి మీటరు పెట్టి చూస్తే సరిగ్గా పదహారు. గాలి తగ్గితే టైరు ఇసుకలోకి గుచ్చుకోకుండా దాని మీద తేలుతుంది. ఇంతా చేసినా ఒంటరి బండితో లోపలికి పోకూడదు. ఒకటి దిగబడితే లాగడానికి ఇంకోటి ఉండాలి, ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా అందదు.

దిబ్బల మీద బండిని ఎగరేసి దూకించే ఆట నాకు ఇష్టం లేదు. నడుము నొప్పి ఉన్నవాళ్లకూ, గర్భిణులకూ అది అసలు కూడదు. ఇంకో కారణమూ ఉంది, అది తర్వాతి అపోహలో వస్తుంది.

అపోహ: ఎడారిలో ఇసుక తప్ప ఏముంది?

వాస్తవం: 1985–87లో బ్రిటన్‌కు చెందిన రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ శాస్త్రజ్ఞులు ఇక్కడ మకాం వేసి లెక్క తీశారు. దాదాపు 12,500 చదరపు కిలోమీటర్ల ఈ ఇసుకలో 150 రకాల మొక్కలు, 200 రకాల జంతువులు తేలాయి. పురుగూ పుట్రా వాటికి అదనం. పొద్దున్నే వెళ్లి చూడండి, దిబ్బ వాలు మీద రాత్రంతా తిరిగిన పేడపురుగు అడుగులూ బల్లి తోక గీతా అచ్చుగుద్దినట్టు ఉంటాయి. దక్షిణాన సముద్రం మీది నుంచి వచ్చే పొగమంచే చాలా మొక్కలకు నీరు. బండి చక్రం కింద నలిగిన మొక్క ఇక్కడ మళ్లీ తలెత్తడానికి ఏళ్లు పడుతుంది.

ఆ ఇసుక కూడా అంతా కొండ అరిగి వచ్చింది కాదు. గుప్పెడు తీసి భూతద్దం కింద పెడితే కొన్ని రేణువులు గవ్వల, శంఖాల తునకలు. మంచుయుగంలో సముద్రం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా కిందికి దిగినప్పుడు బయటపడ్డ సముద్రపు అడుగు నుంచి గాలి మోసుకొచ్చింది వాటిని. ఏ గాలి అనుకున్నారు? నైరుతి. జూన్లో మనకు వాన తెచ్చే గాలివ్యవస్థే ఈ దిబ్బలను ఉత్తర దక్షిణాలుగా, కొన్ని చోట్ల వంద మీటర్ల ఎత్తున వరసలు తీర్చింది. మన చేలు తడిపే గాలి ఇక్కడ ఇసుకను పేర్చింది.

మా మేనత్తది కరీంనగర్ దగ్గర పల్లె. రెండేళ్ల కింద ఆమెను తీసుకెళ్లినప్పుడు ఎడారి అంచున బండి ఆపాం. డ్రైవరు ఒక పెద్ద చెట్టు చూపించి ‘గాఫ్’ అన్నాడు. ‘మా వాళ్లకు నీడ, ఒంటెలకు మేత’ అన్నాడు. అత్త చెట్టు కిందికి నడిచింది. కొమ్మ వంచి, సన్నటి ఆకులను రెండు వేళ్ల మధ్య దూసి, ముల్లు ఎక్కడుందో చూసి, ‘ఓరి, ఇది మన జమ్మి చెట్టే గదరా!’ అంది. నిజమే. ఒమన్‌వాళ్ల గాఫ్, మన జమ్మి ఒకే చెట్టు. తెలంగాణ రాష్ట్ర వృక్షం అదే. దసరా నాడు బంగారమని పంచుకునే ఆకు అదే. దాని వేళ్లు ఎన్నో నిలువుల లోతుకు దిగి నీటిని పట్టుకుంటాయి. అత్త చెప్పులు విప్పి చెట్టు చుట్టూ తిరిగి దండం పెట్టింది. డ్రైవరు ఏమిటని అడిగితే, మా ఊళ్లో ఇది పూజ చేసే చెట్టని చెప్పాను. ‘మేం కూడా దీన్ని కొట్టం’ అన్నాడతను.

అపోహ: బదూలు, అంటే ఈ ఎడారి తెగలవాళ్లు, గుడారాల్లో బతుకుతారు; ఒంటెలు యజమాని లేని అడవి జంతువులు.

వాస్తవం: బదూ కుటుంబాలు చాలావాటికి బిదియాలో పక్కా ఇళ్లున్నాయి, పిల్లలు బడికి పోతారు. ఒంటెల కోసం ఇసుకలోకీ, ఎండాకాలం ఖర్జూరాలు కోతకొస్తే తోటలకూ పోయి వస్తుంటారు. ఇక ఒంటెల్లో యజమాని లేనిది ఒక్కటీ లేదు. విప్పి వదిలేస్తారంతే.

అపోహ: తిరుగు ప్రయాణంలో చీకటి పడితే రోడ్డు ఖాళీ, తొందరగా వచ్చేయొచ్చు.

వాస్తవం: ఇసుకలోంచి బయటికి రాగానే బిదియా దగ్గరే టైర్లలో గాలి మళ్లీ కొట్టించాలి. మెత్తని టైర్లతో హైవే వేగం అందుకుంటే అవి వేడెక్కి పేలతాయి. గాలి నింపేది మామూలు పంక్చర్ షాపులే, ఐదు నిమిషాల పని. ఆ తర్వాత కూడా వేగం వద్దు. రాత్రిపూట ఒంటెలు రోడ్డెక్కుతాయి. హెడ్‌లైట్ల వెలుగులో ముందు కనిపించేది నాలుగు సన్నటి కాళ్లే, ఒళ్లు ఆ వెలుగుకు పైన చీకట్లో ఉంటుంది. బంపరు కాళ్లకు తగిలితే ఆ బరువంతా నేరుగా అద్దం మీద పడుతుంది. అత్తతో వెళ్లి తిరిగొస్తున్న ఆ రాత్రి మా డ్రైవరు ఒకచోట ఉన్నట్టుండి బండిని దాదాపు ఆపేశాడు. మాకేమీ కనబడలేదు. రెండు క్షణాలకు ఒక తల్లి ఒంటె, దాని వెనక పిల్ల, తొందర లేకుండా రోడ్డు దాటాయి. అవి అవతలి ఇసుకలోకి దిగేదాకా అతను గేరు మార్చలేదు.