బెండకాయ తోక ఎందుకు విరుస్తారు?

వరంగల్‌లో ఏ కూరగాయల మార్కెట్‌కు పోయినా బెండకాయల కుప్ప ముందు ఒక తంతు తప్పదు. కొనేవాళ్లు కాయ కొసను బొటనవేలితో వంచుతారు. టక్కున విరిగితే సంచిలోకి, వంగి ఊరుకుంటే మళ్లీ కుప్పలోకి. తోక విరిచిన కాయను ఇంకొకరు కొనరు గనుక అమ్మే ఆమె కసురుతూనే ఉంటుంది. ఆనిగెపుకాయకు గోరు గుచ్చి చూస్తారు, బీరకాయను నొక్కి చూస్తారు. చూసేవాళ్లకు చాదస్తంగా కనిపించినా, కాయలోని కణాల గోడల్లో లిగ్నిన్ అనే చెక్క పదార్థం చేరిందా లేదా అని చేసే పరీక్ష ఇది. లేత కాయలో కణాలు నీటితో బిర్రుగా, వాటి గోడలు పలుచగా ఉంటాయి కాబట్టి ఒత్తితే విరుగుతుంది. పూత రాలి వారం దాటేసరికి బెండలో నార గట్టిపడుతుంది, ఇక వంగడమే తప్ప విరగడం ఉండదు. కూరగాయ అంటే ఏమిటన్న ప్రశ్నకు మొక్కల వంశవృక్షం కన్నా ఈ బొటనవేలే సరైన జవాబు చెబుతుందని నా వాదన. మొక్క బతుకులో ఒకానొక దశకు మనం పెట్టుకున్న పేరే కూరగాయ.

వంశాన్ని బట్టి తేల్చబోతే ఏమవుతుందో చూడండి. పువ్వులోని అండాశయం ఎదిగి విత్తనాలను మోసేదంతా వృక్షశాస్త్రానికి ఫలమే. ఆ లెక్కన బెండ, వంకాయ, టమాట, బీర, మిరప అన్నీ ఫలాలే. ఆలుగడ్డ నేలలో ఉబ్బిన కాండం, గెనుసుగడ్డ వేరు, ఉల్లిగడ్డ ఒకదానిమీదొకటి పేరుకున్న ఆకుల అడుగుభాగం, గోబీపువ్వు ఇంకా విచ్చుకోని పూగుత్తి. క్యాబేజీ, గోబీపువ్వు, నూల్‌కోల్ మూడూ బ్రాసికా ఒలరేసియా అనే ఒకే జాతి. దోసకాయ సంగతి ఇంకా చిత్రం. మనం పప్పులో వేసే పసుపుపచ్చ దోసకాయా, ఎండాకాలంలో కోసుకుతినే ఖర్బూజా పండూ కుకుమిస్ మెలో అనే ఒకే జాతికి చెందినవి. సలాడ్‌లోకి తరిగే కీర దోస మాత్రం వేరే జాతి. ఖర్బూజా పండేకొద్దీ చక్కెర నింపుకుంటుంది, దోసకాయ పసుపురంగుకు తిరిగినా పుల్లగానే ఉండిపోతుంది. ఒకే జాతిలో ఒకటి పప్పులోకి, ఒకటి పండ్ల బండి మీదికి పోవడానికి కారణం ఆ చక్కెరే.

దశ మారితే ఒకే మొక్క ఎన్ని పేర్లు మార్చుకుంటుందో మన చెలకల్లోనే కనిపిస్తుంది. కంది కాయ పచ్చిగా ఉన్నప్పుడు ఉడకబెట్టుకుని ఒలుచుకు తింటాం. అప్పటికి గింజలో నీరూ తీపీ ఎక్కువ, పిండి తక్కువ. అదే గింజ ముదిరి ఎండితే పప్పుదినుసు. చింతచిగురు ఆకుకూర, చింతకాయ పచ్చడి సరుకు, చింతపండు పులుసు సరుకు. మెంతి, ధనియాల మొక్కలు లేతగా ఉంటే కూర కట్టలు, ముదిరితే పోపుపెట్టె గింజలు. బీరకాయను తీగ మీదే వదిలేస్తే లోపలి నాళాలన్నీ చెక్కబారి ఒళ్లు రుద్దుకునే పీచవుతుంది. వానాకాలం మొదట్లో చేలల్లో మొలిచే గునుగు లేత ఆకు కూర వండుకోవడానికి పనికొస్తుంది. తోటకూర కుటుంబానిదే ఈ మొక్క, నైజీరియాలో దీన్ని మడుల్లో పెంచుకుని మరీ తింటారు. నెలలు గడిచి పూతకొచ్చేసరికి ఆకు గరుకు తేలుతుంది, దానితో బతుకమ్మ పేర్చడానికి వేళవుతుంది. చేను గలవాడికి మాత్రం అది మొదటినుంచీ కలుపే.

ఇదంతా వంటింటి అలవాటే కదా, దానికి శాస్త్రమన్న పేరెందుకని ఎవరైనా అడగవచ్చు. వంశానికి విలువ లేదని నేననడం లేదు. పత్తి, బెండ, గోంగూర ఒకే కుటుంబానివి. పత్తిని ఎక్కువగా వేసే ఈ జిల్లాలో పత్తిపువ్వుకూ బెండపువ్వుకూ ఉన్న పోలిక రైతు కంటికి ఆనకపోదు. పత్తి కాయను తొలిచే మచ్చల పురుగుకు ఆ చుట్టరికం బాగా తెలుసు, అది బెండనూ వదలదు. వంకాయ తీసిన మడిలో వెంటనే టమాట నాటవద్దనేదీ ఇందుకే, ఎండు తెగులు రెండింటికీ ఉమ్మడి శత్రువు. పురుగు గురించీ తెగులు గురించీ అడిగితే వంశం జవాబు చెబుతుంది. పళ్లెంలోకి ఏం రావాలని అడిగితే చెప్పలేదు. పోషకాహార శాస్త్రం కూడా అక్కడ దశ వైపే మొగ్గింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాల పోషక విలువలతో పట్టికలు వెలువరించింది. వాటిలో పచ్చి మామిడికాయ కూరగాయల వర్గంలో, మామిడిపండు పండ్ల వర్గంలో ఉన్నాయి. టమాటనూ అలాగే పచ్చిదొక చోట, పండిందొక చోట పెట్టారు.

ఆ పట్టికల్లోనే పచ్చిమిర్చి మసాలా దినుసుల్లో చేరింది, దాని సొంత జాతిదే అయిన క్యాప్సికం కూరగాయల్లో ఉంది. ఇక్కడ వయసు ఒక్కటే సరిపోదు, ఎంత తినగలమన్నదీ చూడాలి. మిర్చిని కారంగా చేసే క్యాప్సైసిన్ గింజల్లో తయారు కాదు, గింజలు అంటుకుని ఉండే తెల్లటి కండలో తయారవుతుంది. అది నిండుగా ఉన్న కాయను కూరలా తినలేం. ఎనుమాముల మార్కెట్ యార్డుకు బస్తాల్లో వచ్చే చపాటా మిర్చి మసాలాకూ కూరగాయకూ మధ్య నిలబడుతుంది. గుండ్రంగా, టమాటలా ఉండే ఈ కాయకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కారం తక్కువ, ఎరుపు ఎక్కువ కాబట్టి దీన్ని కొనేది ప్రధానంగా రంగు కోసం, పచ్చళ్ల కోసం. ఆ ఎరుపు పండే దశలో పుట్టేదే, పచ్చికాయలో ఉండదు.

నా వాదనకు గుమ్మడి అడ్డొస్తుంది, ఒప్పుకోవాలి. పూర్తిగా ముదిరి, తోలు గట్టిపడ్డాకే దాన్ని కోస్తాం, అయినా అది కూరగాయే. ముదిరిన తర్వాత కూడా దాని కండలో నార చెక్కబారకపోవడం ఒక కారణం, పండులా కోసుకుతినేంత తీపి లేకపోవడం మరో కారణం. లేతగా ఉండటం అసలు గుణం కాదు, మెత్తగా ఉడకడమూ అన్నంలోకి కలవడమూ అసలు గుణాలని గుమ్మడి నా మాటను సవరిస్తుంది. ఆలుగడ్డ పేచీ వేరు. బండి మీద అది కూరగాయల పక్కనే ఉంటుంది, కానీ రోజుకు 400 గ్రాముల పండ్లూ కూరగాయలూ తినమనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆలుగడ్డ లాంటి పిండి దుంపలను ఆ లెక్కలోంచి తీసేసింది. పళ్లెంలో అది చేసే పని అన్నం చేసేదే. లేతదైతే చాలు తినొచ్చనీ అనుకోకూడదు. ఆనిగెపుకాయ చేదుగా ఉంటే అందులో కుకుర్బిటాసిన్లు ఉన్నట్టు. అలాంటి రసం తాగి మరణాలు జరిగాక, చేదుగా ఉంటే పారేయమని ఐసీఎంఆర్ నిపుణుల సంఘం హెచ్చరించింది.

కూరగాయలన్నీ ఒకటి కావు గనుక వాటిని మొక్క భాగాల వారీగా విడదీయక తప్పదు. బీర, ఆనిగెపు లాంటి తీగ కాయల్లో 95 శాతం దాకా నీరే. 100 గ్రాముల తోటకూరలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటే బీరలో 20 కూడా ఉండదు. వేళ్లు తీసుకున్న కాల్షియం నీటితోపాటే పైకి పోతుంది. ఆకు నీటిని ఆవిరిగా వదులుతూనే ఉంటుంది కాబట్టి కాల్షియం అక్కడే పేరుకుంటుంది, కాయ నుంచి ఆవిరి తక్కువ. తోటకూరలోని ఆక్సాలిక్ ఆమ్లం ఆ కాల్షియంలో కొంతను పట్టి ఉంచుతుందన్నది నిజమే, అయినా తేడా పెద్దదే. అందుకే పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు రోజుకు 400 గ్రాముల కూరగాయలు చెబుతూ అందులో 100 గ్రాములు ఆకుకూరలే ఉండాలంటున్నాయి. ఒకప్పుడు కలుపు తీసే ఆడవాళ్లు గునుగు, గంగవాయిలి, తుమ్మికూర, పొన్నగంటి కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చేవారు, ఆకుకూర వాటాలో కొంత డబ్బు లేకుండానే తీరేది. పత్తి విత్తిన వెంటనే పెండిమిథాలిన్ లాంటి మందు కొడితే ఈ మొలకల్లో చాలావరకు తలెత్తవు, ఆ తర్వాత తలెత్తినవి మందు తగిలిన చేలో తినదగ్గవీ కావు. కలుపు కూలి ఎంత మిగిలిందో రైతు లెక్కలో కనిపిస్తుంది. ఇంటికి రాని కూర ఎంతో ఎవరూ తూచరు, మార్కెట్‌కు ఎన్నడూ రాని సరుకు గనుక ధరల పట్టికలోనూ దానికి చోటు లేదు.