కాఫీ పొట్లముపై చిన్న ముద్ర

ఉదయము రేడియో వార్తలతోపాటు కాఫీ గ్లాసు చేతికి రానిదే దినము ప్రారంభము కాని గృహములు మనలో పెక్కు కలవు. ఆ గింజను ఎవరు పండించిరో, వారికేమి ముట్టినదో గ్లాసు చెప్పదు. కొన్ని కాఫీ పొట్లములపై మాత్రము ఒక చిన్న ముద్ర కానవచ్చును. అది ఏ ప్రభుత్వమును విధించినది కాదు. లేకున్నను సరకు అమ్ముకొనవచ్చును. రైతులును వ్యాపారులును తమంత తాము ఒప్పుకొన్న నియమములకు అది గురుతు. ఇట్టివానిని స్వచ్ఛంద ప్రమాణములందురు.

మన అరకు లోయ కాఫీకి 2019లో లభించిన భౌగోళిక గుర్తింపు ఇట్టిది కాదు. అది చట్టముచే కలిగినది. అరకు పేరును అరకు గింజకే నిలుపును. రైతుకు ఇంత ధర ముట్టవలెనని అది చెప్పదు.

కలపకు, సముద్రపు చేపలకు, పామాయిలుకు కూడ నేడు స్వచ్ఛంద ముద్రలున్నవి. అన్నిటి జోలికి పోక కాఫీ ముద్ర నొక్కదానిని చూతము.

మెక్సికో దేశపు ఓహాకా కొండలలో 1980 తరువాతి తొలి సంవత్సరములలో చిన్నరైతులు యూసిరి అను సహకార సంఘముగా ఏర్పడిరి. వారితో పనిచేయుచుండిన డచ్చి క్రైస్తవ పురోహితుడు ఫ్రాన్స్ వాన్ డెర్ హోఫ్, నెదర్లాండ్సులోని సాలిడారిడాడ్ సంస్థకు చెందిన నికో రోజెన్ కలిసి 1988 నవంబరులో ‘మాక్స్ హావెలార్’ ముద్రను ప్రవేశపెట్టిరి. జావాలో డచ్చి పాలన క్రింద రైతులు పడిన బాధలను చెప్పిన 1860 నాటి నవల పేరది. విరాళ మడుగుట వారి ఉద్దేశము కాదు. సామాన్యమైన అంగడిలో, తక్కిన పొట్లముల ప్రక్కనే ఈ కాఫీ నిలువవలెనని వారి పట్టు. ఇట్టి ముద్రలే పలుదేశములలో పుట్టి 1997లో ఒక సమాఖ్యగా కూడినవి. నేడు ఫెయిర్‌ట్రేడ్ అనబడునది అదియే.

ముద్ర పుట్టిన మరుసటి యేడే, 1989 జూలైలో, కాఫీ ఎగుమతులకు కోటాలు నిర్ణయించుచుండిన అంతర్జాతీయ ఒడంబడిక వీగిపోయెను. ధరలు కూలెను. 2001లో న్యూయార్కు విపణిలో పౌను అరాబికా ధర 50 సెంట్లకంటె దిగువకు జారెను. పౌను అనగా సుమారు 450 గ్రాములు. ఆ సమయమున ముద్ర షరతులపై కొనువారు మొత్తము 1 డాలరు 26 సెంట్లు చెల్లింపవలసి యుండెను. ముద్రయొక్క సారమిదియే: విపణి ఎంత పడినను దిగరాని హద్దొకటుండును, విపణి ధర హద్దును మించినచో ఆ హెచ్చు ధరయే చెల్లును. 2023 ఆగస్టు నుండి, పండు తోలు తీసి కడిగిన అరాబికాకు ఈ హద్దు 1 డాలరు 80 సెంట్లు. దానిపై 20 సెంట్లు సంఘపు ఉమ్మడి నిధికి చేరును. ఆ నిధి బడికో, బావికో, గిడ్డంగికో సభ్యులే సభచేసి నిర్ణయింతురు.

ఇంతవరకు విన్నచో లోపమేమియు కానరాదు. ధర పెరిగినపుడు చిక్కు వచ్చును. 2025 ఫిబ్రవరిలో విపణి ధర పౌనుకు 4 డాలర్లు దాటెను. అట్టి వేళ గుమ్మములోనికే రొక్కము తెచ్చు దళారికి గింజలు కొలిచియిచ్చుటయా, సంఘమునకిచ్చి వేచియుండుటయా అని రైతు తటపటాయించును. సంఘము కోరినచో ఒప్పందపు విలువలో 60 శాతము వరకు ముందుగా ఇప్పింపవలెనను నియమము ఇందుకే ఉన్నది. అయినను ఇంట వైద్యపు ఖర్చు ఎదురైనవాడు దళారి వైపు మొగ్గినచో మేము తప్పుపట్టజాలము.

ఇంతకంటె పెద్ద ముల్లు తనిఖీలో ఉన్నది. తనిఖీదారు వచ్చి లెక్కల పుస్తకములు, పురుగుమందుల డబ్బాలు, కూలీల పట్టీలు చూచును. బడియీడు పిల్లలు తోటపనిలో ఉన్నారా యని విచారించును. తప్పు దిద్దుకొననిచో జైలు లేదు; ముద్ర పోవును, అంతే. ఈ తనిఖీకి రుసుము సంఘమే కట్టవలెను. కాని ముద్ర యున్నంత మాత్రమున కొనితీరవలెనను నిర్బంధ మెవరికిని లేదు. ఒక సంఘము వంద బస్తాలు పండించగా, ముద్ర షరతులపై నలుబదింటికే గిరాకి దొరికెననుకొందము. మిగిలిన అరువదియు అవే తోటలవి, అవే నియమములకు లోబడి పండినవి. వానిని విపణి ధరకే వదలుకొనవలెను. రుసుము మాత్రము తగ్గదు.

ఈ లెక్క పొట్లముపై ఉండదు. కాఫీ కంపెనీ తాను కొనిన గింజలో ఎంత భాగమును ముద్ర షరతులపై కొనినదో తన వార్షిక నివేదికలో వ్రాసినచో, ముద్రకంటె ఆ అంకెయే మాకు ఎక్కువ చెప్పును.