లప్పం రుద్దేటప్పుడు దుమ్ము ఇల్లంతా పరుచుకోకుండా

పండగ ముందు ఇంటికి సున్నం వేయించడం మన పెద్దల నాటి అలవాటు. ఇప్పుడు సున్నం పోయి లప్పం వచ్చింది. గోడకు లప్పం పెట్టి, అది ఆరాక గరుకు కాగితంతో రుద్ది, ఆపైన రంగు వేస్తారు. మా హోసూరు వైపు లప్పం పెట్టడాన్ని తమిళంలో ‘పట్టి పార్క్కిరదు’ అంటారు, ఆ కాగితాన్ని ‘ఉప్పుత్తాళ్’ అంటారు. ఏ భాషలో రుద్దినా దుమ్ము మాత్రం ఒకటే.

రెండేళ్ళ కిందట మా ఇంట్లో ఒక గది రుద్దించాం. ఒక్క గదే కదా అని తలుపు దగ్గరగా వేసి ఊరుకున్నాం. పనివాడు ఉక్కపోస్తోందని ఫ్యాను వేసుకున్నాడు. సాయంత్రానికి బియ్యం డబ్బా మీద, దేవుడి పటాల మీద తెల్లటి పొర. చివరి గదిలో ఉన్న అమ్మమ్మకు ఉబ్బసం. ఆ రాత్రంతా కూర్చునే తెల్లవార్చింది.

గోడ లప్పంలో తెల్ల సిమెంటు, సన్నటి రాతిపొడి, కొంచెం జిగురు ఉంటాయి. రుద్దినప్పుడు లేచే పొడిలో కంటికి కనిపించేది నేల మీద పడుతుంది. కనిపించనంత సన్నటిది గంటల తరబడి గాలిలో తేలుతూ ఊపిరితిత్తుల దాకా పోతుంది. సిమెంటు పొడి కళ్ళకు, చర్మానికి కూడా మంట పుట్టిస్తుంది.

దుమ్ము తగ్గించే పని రుద్దడానికి ముందే మొదలవ్వాలి. లప్పం ఒకేసారి మందంగా పెడితే అంతా రుద్దే తీయాలి. రెండు పల్చటి పూతలుగా లాగించండి. గోడ పక్కనుంచి లైటు వేసి చూస్తే ఎత్తుపల్లాలు నీడలుగా కనిపిస్తాయి, అక్కడ మాత్రం రుద్దితే చాలు.

ఇక గది సంగతి. సామాను బయట పెట్టి, గుమ్మానికి ప్లాస్టిక్ పట్టాను నాలుగు వైపులా టేపుతో అంటించాలి. తలుపు కింద సందులో తడిగుడ్డ కుక్కాలి. సీలింగ్ ఫ్యాను, ఏసీ ఆపాలి. ఒక్క కిటికీ తెరిచి, టేబుల్ ఫ్యాను మొహం వీధి వైపు తిప్పి పెడితే దుమ్ము ఇంట్లోకి రాకుండా బయటికి పోతుంది. పక్కింటివాళ్ళు బట్టలు ఆరేసుకునే వైపు మాత్రం వద్దు!

దుమ్ము పీల్చే గొట్టం ఉన్న రుద్దుడు మిషన్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. మన ఫాల్స్ సీలింగులకు వాడే జిప్సం పలకలతోనే అమెరికాలో ఇంటి గోడలు కడతారు. ఆ పలకల అతుకులు రుద్దేటప్పుడు ఇలాంటి మిషన్లు దుమ్మును 80 నుంచి 97 శాతం దాకా తగ్గించాయని అక్కడి కార్మికుల ఆరోగ్య పరిశోధన సంస్థ నయోష్ తేల్చింది. ఇంట్లో వాడే మామూలు వాక్యూమ్ క్లీనర్ మాత్రం తగిలించకండి. సన్నపొడిని వెనకనుంచి మళ్ళీ గదిలోకే ఊదుతుంది. డబ్బాలో తయారుగా వచ్చే జిప్సం అతుకుల ముద్దను తడి స్పాంజితోనే నున్నగా చేయవచ్చు. గట్టిపడిన సిమెంటు లప్పానికి ఆ ఉపాయం పనిచేయదు.

మూతికి తువ్వాలు కట్టుకుంటే సన్నపొడి ఆగదు. ముక్కుకు బిగుతుగా పట్టే ఎన్95 మాస్కు పనివాడికి మనమే కొనివ్వాలి. రోజంతా ఆ పొడి పీల్చేది అతనే.

మన పాత ఇళ్ళలో గోడలకన్నా తలుపులు, కిటికీ ఊచల దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఇళ్ళ రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించకూడదన్న నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఆయిల్ పెయింటులో సీసం ఉండవచ్చు. ఆ పొడి పసిపిల్లల మెదడుకు చేటు. అందుకే పాత పెయింటును పొడిగా రుద్దనివ్వకండి, మంట పెట్టి కాల్చనివ్వకండి. నీళ్ళలో నానినా చెడని వాటర్ పేపర్‌తో తడిపి రుద్దించి, ఆ ముద్దను గుడ్డతో ఎత్తి సంచిలో కట్టి పారేయండి. పని అయ్యేదాకా పిల్లలను, గర్భిణులను బంధువుల ఇంటికి పంపితే ఇంకా మేలు.

పని అయ్యాక చీపురు పట్టవద్దు. గంటో రెండు గంటలో ఆగి, తడిగుడ్డతో రెండుసార్లు తుడవాలి. ఆ నీళ్ళు సింకులో పోస్తే పొడి గొట్టం అడుగున పేరుకుని అడ్డుపడుతుంది.

ఇవన్నీ బేరం రోజే చెప్పాలి. చదరపు అడుగు లెక్కన ఒప్పుకున్న మేస్త్రీకి పట్టా కట్టే గంట కూడా నష్టమే. ఈసారి మేము దానికి సగం రోజు కూలి విడిగా ఇస్తామన్నాం. అతనే టేపు తెచ్చుకున్నాడు.