చెప్పలేనిది గీస్తే

జైలు రాతలంటే మనకు ఉన్నవ లక్ష్మీనారాయణ గుర్తొస్తారు. ‘మాలపల్లి’ని ఆయన జైల్లోనే రాశారు. దాశరథి నిజామాబాద్ జైలు గోడ మీద బొగ్గుతో పద్యాలు రాశారు. ఇద్దరూ కలం పట్టినవాళ్లు, ఎందుకు లోపలికి వచ్చారో తెలిసినవాళ్లు. శ్రీకాకుళం దగ్గర అంపోలు జిల్లా జైలుకో, విజయనగరం సబ్‌జైలుకో రిమాండు మీద వచ్చే మామూలు మనిషి సంగతి వేరు. సంతకం తప్ప రాయడం రాకపోవచ్చు. బెయిలు దొరుకుతుందో లేదో తెలీదు, ములాఖత్‌కు ఇంటినుంచి ఎవరైనా వస్తారో లేదో అసలే తెలీదు. 2022 జైలు గణాంకాల ప్రకారం దేశంలోని ప్రతి నలుగురు ఖైదీల్లో ముగ్గురు ఇలాంటి విచారణ ఖైదీలే. ఆ ఏడాది జైళ్లలో జరిగిన అసహజ మరణాల్లో ఎక్కువ భాగం ఆత్మహత్యలు.

ఆ మనిషిని కూర్చోబెట్టి ‘నీ బాధేమిటో చెప్పు’ అంటే నోరు విప్పడు. బ్యారక్‌లో ఏడ్చినవాడు అందరికీ అలుసు. అన్న మాట ఎక్కడ కేసుకు చుట్టుకుంటుందోనన్న భయం మరోటి. అమెరికాలోని ఫ్లోరిడా జైళ్లలో ఏళ్ల తరబడి పనిచేసిన ఆర్ట్ థెరపిస్టు డేవిడ్ గుసాక్ పట్టుకున్న కీలకాంశం ఇదే: బొమ్మలో బాధను బయటపెట్టినా, ఒప్పుకున్నట్టు కాదు. ‘ఊరికే గీశాను’ అని తప్పుకోవచ్చు. ఆర్ట్ థెరపీ తరగతులకు ముందూ తర్వాతా ఖైదీల కుంగుబాటును ప్రశ్నావళితో కొలిచి, అది తగ్గిందని ఆయన బృందం చూపింది.

ఆర్ట్ థెరపీ అన్న పేరు 1942లో బ్రిటిష్ చిత్రకారుడు ఏడ్రియన్ హిల్ పెట్టింది. క్షయతో శానటోరియంలో పడి ఉన్నప్పుడు బొమ్మలు గీస్తూ కోలుకున్నాడాయన. పేరు అక్కడిదే కానీ, పని మన కొండల్లో ఎప్పటినుంచో ఉంది. సీతంపేట వైపు సవరల ఇళ్లలో ఎడిసింగ్ చిత్రాలు అలంకారానికి పుట్టలేదు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే, చనిపోయిన ఏ పెద్దల మనసు నొచ్చిందో సవరల పూజారి ఎజ్జోడు తేల్చి చెప్పేవాడు. ఆ ఆత్మ కోసం ఎర్రమట్టి గోడ మీద వరిపిండితో ఒక ఇల్లు గీసేవారు. అందులో మనుషులు, గుర్రాలు, సూర్యచంద్రులు. కాలం మారాక సైకిళ్లు, విమానాలు కూడా. వెలుతురు తక్కువైన గోడ మీద ఇన్ని ఎందుకని చూసినవాళ్లకు అనిపిస్తుంది. అవి చూసేవాళ్ల కోసం కాదు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1950ల్లోనే సవరల ఇలాంటి చిత్రాలను విపులంగా నమోదు చేశాడు. ఆత్మల నమ్మకాన్ని పక్కనపెట్టి పని తీరు చూడండి: బాధ ఎక్కడిదో ఒకరు అడుగుతారు, దానికో రూపం ఇస్తారు, చాలకపోతే మళ్లీ చేర్పులు చేస్తారు. ఆర్ట్ థెరపిస్టు చేసేదీ దాదాపు ఇదే.

డ్రాయింగ్ మాస్టారు చేసేది మాత్రం ఇది కాదు. ‘బాగుంది, చెట్టు కొంచెం వంకర’ అనడు థెరపిస్టు. ‘ఈ ఇంటికి తలుపెందుకు లేదు?’ అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగుతాడు. జైళ్లలో పండుగలకు పెట్టే చిత్రలేఖనం పోటీలు మంచివే, కానీ బహుమతి వస్తుందంటే ఎవరైనా అందమైన బొమ్మే గీస్తారు. తమ బొమ్మ గీయరు.

శరీరం సంగతికొస్తే, 2016లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 39 మంది పెద్దలకు రంగులు, మట్టి ఇచ్చి 45 నిమిషాలు వదిలేసింది. దాదాపు 75 శాతం మంది లాలాజలంలో, ఒత్తిడికి గుర్తయిన కార్టిసాల్ తగ్గింది. ముందే బొమ్మలొచ్చినవాళ్లకూ రానివాళ్లకూ తేడా లేదు. అయితే వాళ్లు ఖైదీలు కారు, సాయంత్రం ఇంటికి వెళ్లిపోయే మనుషులు. ఈ ఫలితాన్ని నేరుగా బ్యారక్‌లోకి మోసుకుపోవడం తొందరపాటే అవుతుంది.

సబ్‌జైలులో అసలు చిక్కు కాలం. వారాల తరబడి సాగే తరగతులు పెడితే, మూడోదానికి సగంమంది బెయిలు మీద వెళ్లిపోతారు. అందుకే ఏ పూట పని ఆ పూటకే ముగియాలి. కత్తెర, బ్లేడు, గాజు లోపలికి రావు. మెత్తటి పెన్సిళ్లు, మైనపు రంగులు, తడిమట్టి చాలు. బొమ్మ ఎవరిదన్నది ముందే తేలాలి: అది కేసు ఫైలుకు పోకూడదు, అధికారి గదిలో అలంకారం కాకూడదు. ఇక తీవ్రమైన మానసిక వ్యాధికి రంగులు మందు కావు. దానికి సైకియాట్రిస్టు కావాలి, మాత్రలు కావాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 103వ సెక్షన్ ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలోనైనా మానసిక చికిత్స కేంద్రం పెట్టాలంటోంది. అంపోలులో బొమ్మ చూసి అనుమానం వచ్చిన మనిషిని అక్కడికి పంపే దారి కూడా ఉండాలి.